కెఫ్ ఆర్11: నిజాంపేట ఫ్లాట్‌లో ఏడాదిన్నర, మా ఊరి పెంకుటింట్లో రెండేళ్ళు

మృదంగం నేర్చుకునే పిల్లలకి మొదటి పాఠం త, ధి, తొం, నం. ఇందులో తొం ఎడమచేతిది. తొప్పి మీద, అంటే తడి రవ్వ ముద్ద అద్దే ఎడమ వైపు, వేళ్ళు కలిపి కొట్టి వెంటనే తీసేస్తారు. దెబ్బ పడ్డాక నాదం కాసేపు నిలిచి మెల్లగా లోపలికి జారుతుంది. నేను తెనాలిలో నాలుగేళ్ళు నేర్చుకుని, ఇంటర్‌లో చేరగానే మానేశాను. వాయించడం పోయింది కానీ ఆ తొం చెవిలో ఉండిపోయింది. ఏ స్పీకర్ ముందు కూర్చున్నా నేను మొదట వెతికేది దాన్నే. గాత్రం చాలా స్పీకర్లలో బాగుంటుంది, వయొలిన్ కూడా అంతే. తొం మాత్రం అంత సులువుగా దొరకదు.

కెఫ్ ఆర్11 అనే స్పీకర్లలో అది నాకు షోరూంలో దొరికింది, ఇంటికొచ్చాక పోయింది, రెండేళ్ళ కిందట మా ఊళ్ళో మళ్ళీ దొరికింది. స్పీకర్లు మారలేదు, గదులు మారాయి. అందుకే ఈ సమీక్షలో సగం గదుల గురించే ఉంటుంది.

ముందు స్పీకర్ సంగతి. కెఫ్ ఇంగ్లండ్ కంపెనీ. బీబీసీలో ఇంజనీరుగా చేసిన రేమండ్ కుక్ 1961లో కెంట్ ప్రాంతంలోని మెయిడ్‌స్టన్‌లో మొదలుపెట్టాడు. 1988లో వాళ్ళు యూని-క్యూ అనే పద్ధతి తెచ్చారు. మామూలుగా పై స్వరాలు పలికే ట్వీటర్ ఒకచోట, మధ్యస్థాయి స్వరాల కోన్ ఇంకోచోట ఉంటాయి. వీళ్ళు ట్వీటర్‌ని తీసుకెళ్ళి ఆ కోన్ నడిబొడ్డున పెట్టారు. గొంతు, దాని మీది మెరుపు రెండూ ఒకే చోటినుంచి రావాలని వాళ్ళ ఉద్దేశం. నా దగ్గరున్నది 2018లో వచ్చిన తరం. 2023లో వచ్చిన మెటా తరం వేరే. ఒక్కో స్పీకర్ దాదాపు నాలుగుంపావు అడుగుల ఎత్తు, 37.7 కిలోల బరువు. మధ్యలో 5 అంగుళాల యూని-క్యూ, దాని పైన రెండు, కింద రెండు, మొత్తం నాలుగు ఆరున్నర అంగుళాల వూఫర్లు, అంటే కింది స్వరాలు పలికే కోన్లు. జతకి లెక్కేస్తే ఎనిమిది వూఫర్లు. హెర్ట్జ్ అంటే సెకనుకి ఎన్ని కంపనాలో ఆ లెక్క, అంకె తగ్గేకొద్దీ స్వరం కిందికి దిగుతుంది. డెసిబెల్ శబ్దం ఎంత గట్టిదో చెప్పే కొలత. కంపెనీ ఇచ్చిన లెక్కల ప్రకారం కింది వైపు 46 హెర్ట్జ్ దాకా 3 డెసిబెళ్ళ తేడా లోపలే పలుకుతుంది, 30 హెర్ట్జ్‌కి వచ్చేసరికి 6 డెసిబెళ్ళు తగ్గుతుంది. ఈ అంకెలు గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తాయి.

హైదరాబాద్‌లో ఒక షోరూంలో విన్నాను. వాళ్ళ గది సుమారు 24 అడుగుల పొడవు, 18 వెడల్పు. గోడలకి గుడ్డ చుట్టిన పలకలు, నేలంతా తివాచీ. స్పీకర్లు వెనక గోడకి ఐదారు అడుగులు ముందుకున్నాయి. నా పెన్‌డ్రైవ్‌లో ఉన్న ఒక పాత కచేరీలో తని ఆవర్తనం, అంటే తాళవాద్యాలు మాత్రమే వాయించే భాగం, పెట్టించుకున్నాను. తొప్పి మీద గుమ్కి, అంటే చేతిని రాస్తూ నాదాన్ని జార్చే దెబ్బ, జారుతుంటే ఆ జారుడు మొత్తం వినిపించింది. మూడుసార్లు వేయించుకున్నాను. తొం ఒక్కోటి ఒక్కోలా ఉంది. ఒకటి తడి మీద పడ్డట్టు, ఒకటి అంచుకి దగ్గరగా. అడ్వాన్స్ అక్కడే ఇచ్చాను. మీ గది ఎంత అని వాళ్ళు అడగలేదు. నాకూ చెప్పాలని తట్టలేదు.

నిజాంపేటలో మాది మూడో అంతస్తు. పాటలు వినడానికి పెట్టుకున్నది రెండో బెడ్రూము. 13 అడుగుల పొడవు, 11 వెడల్పు, స్లాబు తొమ్మిదిన్నర అడుగుల ఎత్తున ఉంటుంది. నాలుగు వైపులా ఇటుక గోడ, సిమెంటు పూత, కింద విట్రిఫైడ్ టైల్స్. ఒక మంచం, ఒక ఇనుప బీరువా. స్పీకర్లని 11 అడుగుల గోడ ముందు పెడితే వెనక ఒకటిన్నర అడుగు కూడా మిగల్లేదు. నా కుర్చీ ఎదురు గోడకి ఆనింది.

అదే పెన్‌డ్రైవ్, అదే తని. మొదటి తొం పడగానే గదంతా గుంయ్యిమంది. రెండోదీ అంతే, పదోదీ అంతే. షోరూంలో ఒక్కోటి ఒక్కోలా విన్న దెబ్బలన్నీ ఇక్కడ ఒకే మోత అయ్యాయి. గుమ్కి జారుడు అసలు లేదు. వలంతల మీది, అంటే కుడి వైపు, నం, ధిం స్పష్టంగా ఉన్నాయి, వాటి కింద మాత్రం ఎవరో కాగు మీద కొడుతున్నట్టు ఒకటే శబ్దం. సినిమా పాట పెడితే బేస్ గిటార్‌లో ఒక స్వరం పిడుగులా పడుతుంది, పక్క స్వరం లేనే లేదు. మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి "ఏమండీ, మధ్యమధ్యలో బీరువా తలుపు మోగుతోంది, గమనించారా?" అంది. నేను గమనించలేదు. ఆ మోతలో అదీ కలిసిపోయింది.

మూడు నెలలు తప్పుడు చోట వెతికాను. వైర్లు మార్చాను. ఆంప్లిఫయర్ మీద అనుమానంతో స్నేహితుడిది తెచ్చి పెట్టాను. స్పీకర్ల కింద గ్రానైట్ బండలు వేశాను. ఏదీ పనిచేయలేదు. చివరికి కొలత మైకు ఒకటి కొన్నాను. మినీడీఎస్పీ వాళ్ళ యూమిక్-1, కంప్యూటర్‌కి నేరుగా తగిలించేది. దానికి రూమ్ ఈక్యూ విజర్డ్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది, ఉచితంగానే దొరుకుతుంది. స్పీకర్లకీ వైర్లకీ పోసే డబ్బుతో పోలిస్తే ఆ మైకు ఖర్చు ఒక లెక్కలోది కాదు, అన్నిటికంటే ముందు కొనాల్సింది అదే.

కుర్చీలో తల ఉండే చోట మైకు పెట్టి కొలిస్తే తెర మీద గీత 43 హెర్ట్జ్ దగ్గర కొండలా లేచింది. మిగతా దానికంటే 14 డెసిబెళ్ళు ఎక్కువ. 51 దగ్గర ఇంకో గుట్ట, 59 దగ్గర మరొకటి. మధ్యలో గుంటలు. అప్పుడు ఇంటర్ ఫిజిక్స్ ల్యాబు గుర్తొచ్చింది. అనునాద గొట్టంలో నీళ్ళు పైకీ కిందికీ జరుపుతూ, మీద శృతిదండం పట్టుకుని వినేవాళ్ళం. గాలి స్తంభం సరైన పొడవుకి రాగానే గొట్టం ఒక్కసారి గట్టిగా పలికేది. గది కూడా అలాంటి గొట్టమే, రెండు చివరలా మూసి ఉంటుంది. ఎదురెదురు గోడల మధ్య శబ్దం అటూ ఇటూ కొట్టుకుని స్థిర తరంగం ఏర్పడుతుంది. లెక్క చాలా తేలిక: 565ని గది కొలతతో, అడుగుల్లో, భాగించాలి. శబ్దం సెకనుకి సుమారు 1130 అడుగులు పోతుంది, 565 అందులో సగం. 13 అడుగులకి 43. 11కి 51. తొమ్మిదిన్నరకి 59. మైకు చూపించిన మూడు గుట్టలూ అవే. నా గదికి మూడు సొంత స్వరాలున్నాయి, మూడూ పక్కపక్కనే ఉన్నాయి, తొప్పి మీద దెబ్బ పడగానే గదిలో మోగేవి అవే. పైగా కుర్చీ గోడకి ఆనించాను. ఈ స్థిర తరంగాలన్నిటికీ ఒత్తిడి ఎక్కువగా ఉండేది గోడ దగ్గరే.

ఈ స్పీకర్ 46 హెర్ట్జ్ దాకా నిండుగా పలుకుతుందని పైన చెప్పాను కదా. అంటే నా గదికి ఎక్కడెక్కడ గొంతు ఉందో సరిగ్గా అక్కడే ఎనిమిది వూఫర్లు కలిసి పలికాయి. స్పీకర్ చెప్పింది చెప్పినట్టే చేసింది. అది సొంతంగా ఇచ్చేదానికి గది తన 14 డెసిబెళ్ళు కలిపింది.

దాన్ని దించడానికి చేయనిది లేదు. కుర్చీని గది నడిమికి తెచ్చాను, 43 మొత్తం మాయమైంది. పొడవులో సరిగ్గా సగం దగ్గర ఆ తరంగానికి గుంట. తొం ఇప్పుడు తట్టలో వేలుతో కొట్టినట్టు పలచగా ఉంది. మన వీపు వెనక గోడ నుంచి గది పొడవులో 38 శాతం దూరంలో కూర్చోమని ఒక పాత సలహా ఉంది. నా గదిలో అది సుమారు ఐదడుగులు. అక్కడ గీత నిజంగానే కొంచెం చదునైంది, కానీ నాలుగడుగుల స్తంభాలు రెండు నా మోకాళ్ళకి అయిదడుగుల్లో ఉన్నాయి. ఇక్కడ ఒక మంచి మాట చెప్పాలి. వూఫర్లు యూని-క్యూకి పైనా కిందా సమానంగా ఉండటం వల్ల అంత దగ్గరలో కూడా గొంతు ముక్కలు కాలేదు. పొడుగు స్పీకర్లు చాలావాటికి వెనక్కి వెళ్ళి కూర్చుంటేనే అన్ని ముక్కలూ కలుస్తాయి. ఆర్11కి ఆ పట్టింపు తక్కువ. కానీ ఆ దూరంలో పాట వినడం నాకు హాయిగా లేదు.

మూలల్లో బూరుగుదూది పరుపులు రెండు చుట్టి నిలబెట్టాను. చప్పట్లు కొడితే గది మెత్తబడింది, గాత్రం బాగుపడింది, 43 మాత్రం అర డెసిబెల్ కూడా కదల్లేదు. కదలదు కూడా. 43 హెర్ట్జ్ తరంగం పొడవు 26 అడుగులు. అందులో నాలుగో వంతు ఆరున్నర అడుగులు. దాన్ని దూదితో పట్టాలంటే అంత మందం కావాలి. బజార్లో గుడ్ల అట్టలా కనిపించే స్పాంజి పలకలు అమ్ముతారు. రెండంగుళాల ఆ స్పాంజి పై స్వరాలని మింగుతుంది, బేస్‌ని తాకను కూడా తాకదు. వాటికి డబ్బు పెట్టకండి.

స్పీకర్ వెనక పోర్టులు, అంటే బేస్ కోసం పెట్టిన గాలి రంధ్రాలు, మూయడానికి కంపెనీ వాళ్ళే డబ్బాలో ఫోమ్ బిరడాలు ఇస్తారు. అవి పెడితే 43 దగ్గర 4 డెసిబెళ్ళు తగ్గింది. ఇది నిజంగా ఉపయోగపడింది. లాప్‌టాప్‌లో ఈక్వలైజర్‌తో ఇంకో 8 తగ్గించాను. నా కుర్చీలో పర్లేదనిపించింది. మా అమ్మాయి మంచం మీద కూర్చుని "నాన్నా, ఇక్కడ అసలు బేసే లేదు" అంది. కుర్చీలో గుట్ట ఉన్నచోట ఆమెకి గుంట ఉంది. నేను గుట్టని తగ్గిస్తే ఆమె గుంట ఇంకా లోతైంది. గుంటని ఈక్వలైజర్‌తో పూడ్చలేం. ఎంత శబ్దం పోసినా ఎదురుగా వచ్చే తరంగం దాన్ని అంతా కొట్టేస్తుంది.

ఇదే స్పీకర్ మా మేనల్లుడి దగ్గర కూడా ఉంది. వాడు డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాడు. గది 14 అడుగులు, 12 అడుగులు. నా గదికంటే పెద్ద తేడా ఏం లేదు. ఒకరోజు వీడియో కాల్‌లో గోడు వెళ్ళబోసుకుంటే "మావయ్యా, నాకు అంత మోత లేదే, బాగానే ఉంది" అన్నాడు. నాకు అర్థం కాక వాడి గోడల గురించి అడిగాను. చెక్క ఫ్రేములు, వాటికి రెండు వైపులా జిప్సమ్ బోర్డు. వేలితో కొడితే డొల్లగా పలుకుతుంది. ఆ గోడ బేస్‌కి కొద్దిగా ఊగుతుంది. ఊగి కొంత తినేస్తుంది, కొంత పక్క గదిలోకి వదిలేస్తుంది. మన ఇటుక గోడ, సిమెంటు పూత, స్లాబు ఊగవు. వచ్చిన శబ్దాన్ని వచ్చినట్టే తిప్పి కొడతాయి. నాకు ఈ మొత్తం వ్యవహారంలో తెలిసిన అతి ముఖ్యమైన విషయం ఇదే. ఇంగ్లీషు పత్రికల్లో, వీడియోల్లో ఈ స్పీకర్ ఇంత గదికి చాలు, అంత గదికి చాలు అని వాళ్ళు చెప్పే మాటలు చాలాసార్లు వాళ్ళ చెక్క ఇళ్ళకి సరిపోయే మాటలు. అదే కొలతలున్న హైదరాబాద్ బెడ్రూంలో బేస్ చాలా ఎక్కువసేపు నిలుస్తుంది. నా గదిలో 43 హెర్ట్జ్ ఆగడానికి ముప్పావు సెకనుకి దగ్గరగా పట్టింది. తనిలో వేగం పెరిగితే ఈలోపు నాలుగు దెబ్బలు పడిపోతాయి.

సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు మా అన్నయ్యతో చెప్పాను. "ఒరే, నాన్నగారి పెద్ద గది ఖాళీగానే ఉందిగా, తెచ్చి ఇక్కడ పెట్టరాదూ" అన్నాడు. కొల్లిపర పక్కన మా ఊరు. మా తాతగారు కట్టించిన మంగళూరు పెంకుల ఇల్లు. నెల తర్వాత రెండు పెట్టెలూ టాటా ఏస్‌లో వేయించి పంపాను. దాచిపెట్టిన కంపెనీ అట్టపెట్టెలు ఆరోజు ఉపయోగపడ్డాయి, వాటిని పారేయకండి.

పెద్ద గది 26 అడుగులు, 16 అడుగులు. గానుగ సున్నంతో కట్టిన అడుగున్నర మందం గోడలు. కింద నాపరాళ్ళు. పైన సీలింగు లేదు, తాటి దూలాలు, వాసాలు, వాటి మీద పెంకులు. గోడ దగ్గర 9 అడుగుల ఎత్తు, నడిమధ్య 16. మూడు గుమ్మాలు, నాలుగు కిటికీలు. నా ఫ్లాట్ గదిలో సుమారు 1,360 ఘనపుటడుగుల గాలి ఉంటే ఇక్కడ 5,200 దాకా ఉంది, దాదాపు నాలుగు రెట్లు. 26 అడుగులకి లెక్కేస్తే మొదటి స్వరం 22 హెర్ట్జ్. ఆర్11 అంత కిందికి పెద్దగా పోదు. వెడల్పుకి 35, అక్కడ అప్పటికే స్పీకర్ తగ్గుముఖం పట్టి ఉంటుంది. పైకప్పు ఏటవాలు కాబట్టి నేలకీ కప్పుకీ మధ్య ఒకే స్వరం గట్టిపడదు. పెంకుల సందుల్లోంచి బేస్ చక్కగా బయటికి పోతుంది. మొదటిరోజు పొద్దున వాకిట్లో ముగ్గు వేస్తున్న వదిన లోపలికొచ్చి "లోపల కచేరీ జరుగుతున్నట్టుందయ్యా, బయటికే బాగా వినిపిస్తోంది" అంది. బయటికి పోయింది మళ్ళీ తిరిగి రాదు. గదికి కావలసింది అదే.

మొదట వూఫర్ల మొహం నుంచి వెనక గోడకి మూడడుగులు ఉంచి పెట్టాను. తొంలో మోత పోయింది కానీ దాని పైభాగం, ఆ చర్మపు స్పర్శ, తగ్గినట్టుంది. కొలిస్తే 94 దగ్గర గుంట. వెనక గోడకి తగిలి తిరిగొచ్చే తరంగం నేరుగా వచ్చేదాన్ని కొట్టేస్తోంది. దూరాన్ని నాలుగుతో గుణించి, 1130ని దాంతో భాగిస్తే ఆ అంకె వస్తుంది. ఒక్కో బారెడు కాకుండా ఒక్కో జానెడు జరుపుతూ రెండు పూటలు పనిచేశాం, అన్నయ్య ఒక వైపు, నేను ఒక వైపు. ఐదడుగులకి వచ్చాక ఆ గుంట 56కి దిగింది. పక్క గోడల దూరం మూడున్నర, అంటే వెనక గోడ దూరానికి భిన్నంగా ఉంది కాబట్టి గుంటలు ఒకదాని మీద ఒకటి పడలేదు, లోతు కూడా తగ్గింది. స్పీకర్ల మధ్య 9 అడుగులు. నా పడక్కుర్చీ వాటికి 11 అడుగుల్లో, వెనక ఇంకా తొమ్మిదడుగుల పైన ఖాళీ.

ఆ సాయంత్రం తని పెట్టాను. షోరూంలో విన్నది తిరిగొచ్చింది, ఇంకా కొంచెం ఎక్కువే వచ్చింది. మొదటి తొం పడింది, నిలిచింది, జారింది, ఆగింది. ఆగాక నిశ్శబ్దం వినిపించింది. ఫ్లాట్‌లో నాకు దొరకనిది ఆ నిశ్శబ్దమే. గుమ్కిలో చెయ్యి తొప్పి మీద రాసుకుంటూ వెళ్ళే గరుకుదనం కూడా తెలిసింది. తని ముగింపుకి వచ్చి, మోహర అనే భాగం దాటి కోర్వై అనే భాగంలోకి వెళ్ళేటప్పుడు మృదంగం, ఘటం రెండూ కింది స్వరాల్లో కలిసినా ఏది ఏదో విడివిడిగా ఉంది. అన్నయ్యకి సంగీతం పట్టదు. ఆయన కూడా లేచిపోకుండా చివరిదాకా కూర్చున్నాడు.

ఈ గదికీ లోపాలున్నాయి. నాపరాయి నేల, సున్నం గోడలు. చప్పట్లు కొడితే టకటకమని తిరిగొస్తుంది. జంపఖానాలు రెండు పరిచాం, కొంత తగ్గింది. డిసెంబరులో నూర్పిళ్ళయ్యాక ధర కోసం ఆగి, నలభై ధాన్యం బస్తాలు నా కుర్చీ వెనక గోడ పొడుగునా పేర్చారు. ఆ రెండు నెలలు ఈ గదిలో విన్నంత మంచి వయొలిన్ నేను ఇంకెప్పుడూ వినలేదు. గోనె, వడ్లు కలిసి ఆ టకటకని పూర్తిగా తాగేశాయి. బస్తాలు అమ్ముడయ్యాక తేడా వెంటనే తెలిసింది. ఇప్పుడు ఆ గోడకి పాత దుప్పట్లు నాలుగు మడతలేసి వేలాడదీశాం. బస్తాలంత బాగా పనిచేయవు కానీ పర్లేదు.

పెద్ద గదికి పెద్ద ఆంప్లిఫయర్ కూడా కావాలి. ఫ్లాట్‌లో 60 వాట్లది సరిపోయింది. ఇక్కడ 11 అడుగుల దూరం, పైన తెరిచిన కప్పు. తనిలో దెబ్బలు మామూలు స్థాయికంటే చాలా పైకి లేస్తాయి. 60 వాట్లది అక్కడ గొంతు బిగబట్టింది. ఆర్11 సున్నితత్వం 90 డెసిబెళ్ళు కాబట్టి చిన్న ఆంప్లిఫయర్ చాలనిపిస్తుంది, కానీ కరెంటుకి దీని అడ్డంకి (ఇంపిడెన్స్) కొన్నిచోట్ల 3.2 ఓములకి దిగుతుంది, అక్కడ ఇది ఎక్కువ కరెంటు లాగుతుంది. కరెంటు గట్టిగా ఇవ్వగలిగే 150 వాట్లది తెచ్చాక మాట తేటపడింది. ఊళ్ళో సాయంత్రం వోల్టేజి పడిపోతుంటుంది కాబట్టి స్టెబిలైజర్ తప్పనిసరి. స్పీకర్ ముందు జాలీలు అయస్కాంతంతో అతుక్కుంటాయి. బల్లులు, పెంకుల దుమ్ము ఉన్న ఇంట్లో అవి తీయొద్దని నా సలహా. ధ్వనిలో తేడా కూడా నాకు పెద్దగా తెలియలేదు.

ఇక ఫ్లాట్ గదిలో ఏముంది? ఇదే కంపెనీ ఆర్3. అదే తరం, అదే 5 అంగుళాల యూని-క్యూ. వూఫర్ మాత్రం ఒక్కటే, ఆరున్నర అంగుళాలది. 13.5 కిలోలు, స్టాండు మీద పెట్టాలి. 58 హెర్ట్జ్ దాకా నిండుగా పలికి అక్కడినుంచి మెల్లగా తగ్గుతుంది. నా గది సొంత గొంతు 59, 51, 43. అంటే స్పీకర్ ఎక్కడ తగ్గడం మొదలుపెడుతుందో గది సరిగ్గా అక్కడే అందుకుంటోంది. ఇప్పుడు 43 దగ్గర గుట్ట 5 డెసిబెళ్ళే. స్పీకర్ చిన్నది కాబట్టి గోడకి రెండున్నర అడుగులు ముందుకి తెచ్చి కూడా కుర్చీని గోడకి దూరంగా వేసుకోగలిగాను. తొం మళ్ళీ తొంలా ఉంది. పెద్ద డోలు, దేవుడి ఊరేగింపు మేళం లాంటివి పెడితే ఆర్11లో ఉన్న బరువు ఇందులో ఉండదు. అది నిజమే. కానీ 13 అడుగుల గదిలో ఆర్11 కూడా ఆ బరువు ఇవ్వలేదు, మోత ఇచ్చింది. ఈ గది వరకూ ఆర్3 నాకు మెరుగైన స్పీకర్. ఎవరైనా ఈ రెండూ పక్కపక్కన పెట్టి ధర చూపించి అడిగినా ఇదే చెబుతాను.

కొనబోయేవాళ్ళకి నేను చెప్పేది ఇంతే. షోరూంకి వెళ్ళేముందు గది కొలవండి. మూడు కొలతలతోనూ 565ని భాగించండి. మూడు అంకెలూ 40కీ 60కీ మధ్య గుంపుగా పడితే, గోడలు ఇటుకవైతే, తలుపు మూసుకుని వినే అలవాటుంటే ఆర్11 లాంటిది తీసుకోవద్దు. 1,500 ఘనపుటడుగుల లోపు గదికి ఇది ఎక్కువ. 2,000 నుంచి 3,000 దాకా, ఒక వైపు హాల్లోకో డైనింగులోకో తెరిచి ఉంటే, బిరడాలు దగ్గర పెట్టుకుని ప్రయత్నించవచ్చు. ఆర్3కీ ఆర్11కీ మధ్యలో ఆర్5, ఆర్7 ఉన్నవి ఇలాంటి గదుల కోసమే. 3,000 దాటితే సంతోషంగా తీసుకోండి. ఆ గదిలో చిన్న స్పీకర్ పెడితే అది కూడా పాపమే, పాట ఒక మూల నుంచి వస్తున్నట్టుంటుంది. అంకెలు నమ్మబుద్ధి కాకపోతే ఇంకో పని చేయండి. ఫోన్‌లో స్వరాలు పుట్టించే యాప్ ఒకటి వేసుకుని, ఇప్పుడున్న స్పీకర్‌లోనే 40 నుంచి 100 దాకా ఒక్కో స్వరం పెట్టి గదిలో నడవండి. ఒక అడుగులో గర్జించేది ఇంకో అడుగులో మాయమవుతుంది. ఎక్కడ ఏం జరుగుతుందో మీ చెవులే చెబుతాయి. అలాగే స్పీకర్ అడుగు కొలతకి పేపరు కత్తిరించి, గోడకి మూడడుగుల్లో నేల మీద పరిచి వారం రోజులు ఇంట్లోవాళ్ళని తిరగనివ్వండి. ఆ పేపరు కాళ్ళకి అడ్డొస్తే స్పీకరూ అడ్డొస్తుంది, అడ్డొచ్చిన స్పీకర్ ఎలాగూ గోడకి జరిగిపోతుంది.

షోరూం నడిపేవాళ్ళు ఎవరైనా చదువుతుంటే వాళ్ళకీ ఒక మాట. ముందు గది కొలతలు అడగండి. కొనేవాళ్ళకి ఆ ప్రశ్న తట్టదు. మీకు తెలుసు.

మా పెద్ద గదిలో వినాయక చవితికి, తద్దినాలకి స్పీకర్లు పక్కకి జరపాల్సి వస్తుంది. జానెడు తేడా వస్తే ధ్వని మారిపోతుందని అన్నయ్యకి ఆ రెండు పూటల పనిలోనే తెలిసింది. ఆయనే నాపరాళ్ళ మీద ఎర్ర పెయింటుతో ఒక్కో స్పీకర్‌కి నాలుగు చుక్కలు, నా పడక్కుర్చీకి నాలుగు చుక్కలు పెట్టాడు. పోయిన చవితికి నేను వెళ్ళలేకపోయాను. పూజయ్యాక వాటిని మళ్ళీ చుక్కల మీదికి జరిపి, ఫోన్ చేసి, దూరం నుంచే తని వినిపించాడు.